మాట వినడమే శాపమైన అమ్మాయి

టీనేజీలో ఉన్న మీ అమ్మాయికి, తన దారి తానే ఎంచుకునే కథానాయిక ఉన్న ఫాంటసీ నవల ఏదైనా చెప్పమని అడిగారు. కత్తి పట్టి పోరాడే హీరోయిన్ అయితే మంచిదన్నారు. కత్తి సంగతి పక్కన పెట్టండి. గెయిల్ కార్సన్ లెవీన్ రాసిన ‘ఎల్లా ఎన్‌చాంటెడ్’ ఇవ్వండి. 1997లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ గౌరవం అందుకుంది.

ఎల్లా పుట్టగానే లూసిండా అనే దేవకన్య ఒక వరం ఇస్తుంది. ఎవరు ఏం ఆజ్ఞాపించినా ఆ పిల్ల చేసి తీరాలి. లూసిండా దృష్టిలో అది గొప్ప కానుక. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఈ నవల చదివాను. అప్పటిదాకా ఇంట్లో నాకున్న పేరు ‘మాట వినే పిల్ల’. అది పొగడ్త అనే అనుకునేదాన్ని. అదే గుణాన్ని ఒక రచయిత్రి శాపమని రాస్తే, మొదటి పది పేజీల్లోనే పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆ వారమే నేను చేరాల్సిన కోర్సు దరఖాస్తు నింపుతున్నాం. కోర్సు నాన్న నిర్ణయించారు. నాకు ఇష్టం భాషలు. అన్ని గడులూ ఆయనే నింపి, సంతకం చోట వేలు పెట్టి చూపించారు. పెన్ను పట్టుకున్నాను, చెయ్యి కదల్లేదు. "ఏంటమ్మా, పెట్టు" అన్నారు. "నాకీ కోర్సు వద్దు నాన్నా" అన్నాను. గొంతు వణికింది, మాట సరిగ్గా బయటికి కూడా రాలేదు. ఆయన కోప్పడలేదు. కాగితాలు మడిచి లేచి వెళ్లిపోయారు. నెల రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అరిచి ఉంటే తేలికయ్యేది. ఆ నెలలో ఎన్నిసార్లు వెళ్లి "సరే, పెడతాను" అనబోయానో!

ఆ నవలకు అంత విలువ ఇస్తున్నది అందుకే. ఎల్లా శాపాన్ని ఏ మంత్రమూ విప్పదు. తను ప్రేమించిన యువరాజు చార్ పెళ్లి చేసుకొమ్మని అడుగుతాడు. ఎల్లాకు అది కూడా ఆజ్ఞే. చేసుకుంటే తనను అడ్డం పెట్టుకుని శత్రువులు అతని ప్రాణం మీదికి తేవచ్చు. అందుకని తనకు అన్నిటికన్నా ఇష్టమైన దానికే ‘చేసుకోను’ అంటుంది. శాపం అక్కడ తెగుతుంది. ఆ తర్వాత తన ఇష్టంతో అతన్నే చేసుకుంటుంది. అయినా యువరాణి బిరుదు వద్దని, ఆస్థానంలో భాషావేత్తగా, వంటమనిషికి సహాయకురాలిగా ఉంటానంటుంది. ఆ వాక్యం దగ్గర నేను ఏడ్చాను.

ఇప్పుడు వచ్చే చాలా ఫాంటసీల మీద నా కోపం ఇక్కడే. హీరోయిన్ పుట్టకముందే ఓ జోస్యం ఉంటుంది, లోకాన్ని కాపాడేది ఆమేనని. అంతా ముందే రాసిపెట్టి ఉంటే ఇక ఆమె ఎంచుకున్నదేముంది? ఇద్దరబ్బాయిల్లో ఎవరు అన్న టెన్షన్‌తో మూడు భాగాలు లాగడం ఇంకొకటి. అది దారి ఎంచుకోవడం కాదు, వరుణ్ని ఎంచుకోవడం. 2004లో వచ్చిన సినిమా చూపించి ఎల్లా కథ తెలిసిపోయిందని కూడా అనుకోకండి. అందులో కొత్తగా ఒక దుర్మార్గుణ్ని తెచ్చిపెట్టారు. నవలకు అతని అవసరమే లేదు. అక్కడ అసలు పోరాటం ఆమె నోటికీ మనసుకీ మధ్య.

కత్తి కావాల్సిందే అంటే క్రిస్టిన్ కషోర్ ‘గ్రేస్‌లింగ్’ (2008) ఉంది. అందులో కాట్సా పుట్టుకతోనే చంపే నేర్పు ఉన్న అమ్మాయి. రాజు ఆమెను జనాన్ని బెదిరించడానికి వాడుకుంటుంటాడు. ఒకరోజు ఇక చెయ్యనని చెప్పి వెళ్లిపోతుంది. ప్రేమించినవాణ్ని కూడా పెళ్లి మాత్రం చేసుకోనంటుంది. కొంచెం పెద్ద పిల్లల పుస్తకం అది. హింస ఉంది, ప్రేమ సన్నివేశాలున్నాయి. మీ అమ్మాయికి పదమూడో పద్నాలుగో అయితే ముందు ఎల్లా ఇచ్చి, గ్రేస్‌లింగ్ రెండేళ్లు ఆగి ఇవ్వండి. "ఇది చదివి తీరాలి" అని మాత్రం అనకండి. కనబడేచోట పెట్టండి చాలు, తనే తీసుకుంటుంది.