టైమింగ్ ముందుకు జరిపితే ట్రాక్టర్ నల్ల పొగ తగ్గుతుందా?

డీజిల్ పంపు బాగు చేయించాక రోటవేటర్ వేస్తే నల్ల పొగ వస్తోంది, టైమింగ్ (సిలిండర్‌లోకి డీజిల్ కొట్టే క్షణం) కాస్త ముందుకు జరిపితే పోతుందని మెకానిక్ అంటున్నాడు, నిజమేనా అని అడిగారు. పొగ తగ్గే మాట నిజమే. కానీ పొగ కోసమని టైమింగ్ జరపకండి. డీజిల్ పంపుల షాపులో పనిచేసినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

నాజిల్ సిలిండర్‌లోకి కొట్టగానే డీజిల్ అంటుకోదు. తుంపర ఆవిరై వేడి గాలితో కలవాలి. దానికి ఒక్క మిల్లీసెకను పట్టిందనుకున్నా, 1500 ఆర్‌పీఎం మీద ఆలోగా క్రాంక్ 9 డిగ్రీలు తిరిగేస్తుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే కొట్టాలి.

ఇక మసి. బాగున్న ఇంజన్‌లో కూడా మసి పుడుతుంది, వత్తి పెంచిన కిరోసిన్ బుడ్డిలో లాగే, గాలి చాలని చోటల్లా. అయితే అందులో ఎక్కువ భాగం సిలిండర్‌లోనే మిగిలిన గాలితో కలిసి కాలిపోతుంది. టైమింగ్ వెనకబడితే మంట పిస్టన్ కిందికి దిగేటప్పుడు కూడా సాగుతుంది, లోపల చల్లబడుతూ ఉంటుంది, మసి కాలడానికి వేడీ చాలదు, టైమూ చాలదు. అదే నల్ల పొగై బయటికొస్తుంది. లాగుడు తగ్గుతుంది, సైలెన్సర్ మామూలుకన్నా ఎక్కువ కాలుతుంది.

ముందుకు జరిపితే అంటుకునేలోపే ఎక్కువ డీజిల్ గాలిలో కలుస్తుంది, మసి తక్కువ పుడుతుంది, పుట్టింది కాలడానికి టైమూ దొరుకుతుంది. కానీ అలా పోగైన డీజిలంతా ఒక్కసారే అంటుకుని, ఇంకా పైకి వస్తున్న పిస్టన్ నెత్తిన కొడుతుంది. ఆ టకటక శబ్దం అదే. హెడ్ గాస్కెట్, బేరింగులు దెబ్బతింటాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, అవి కంటికి కనబడవు కాబట్టి ఇంజన్ బాగుపడిందనుకుంటాం.

ఇలాగే టకటకమంటూ మా దగ్గరికి ఒక ట్రాక్టర్ వచ్చింది. చూస్తే పంపు ఫ్లాంజ్‌ని (ఇంజన్‌కి బిగించే అంచుని) నట్ల స్లాట్ చివరిదాకా తిప్పేసి ఉంది, అంటే పొగ కోసం టైమింగ్ బాగా ముందుకు జరిపేశారు. ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పితే ఆయిల్ బురదలా గడ్డకట్టింది. గాలే అందకపోతే పొగ రాక ఏమవుతుంది? గిన్నె కడిగి కొత్త ఆయిల్ పోసి, టైమింగ్ మళ్లీ గుర్తు మీదికి తెచ్చాం. చప్పుడూ పోయింది, పొగా పోయింది.

కాబట్టి ముందు ఎయిర్ క్లీనర్ చూడండి. నాజిళ్లు టెస్టర్ మీద పెట్టించి కారుతున్నాయేమో చూడండి. మీది పంపు పని అయ్యాక మొదలైంది కాబట్టి డీజిల్ మోతాదు ఎక్కువ పెట్టారేమో అడగండి, నా అనుమానం ఎక్కువగా దాని మీదే. ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు స్పిల్ టైమింగ్ (పంపు డీజిల్ నెట్టడం మొదలుపెట్టే క్షణం) చూడమనండి. లైన్ పంపు (సిలిండర్‌కొకటి చొప్పున వరసగా ఎలిమెంట్లు ఉండేది) అయితే ఒకటో సిలిండర్‌కి డీజిల్ వెళ్లే చోటున్న డెలివరీ వాల్వ్ తీసి వంపు గొట్టం బిగించి ఫ్లైవీల్‌ని మెల్లగా తిప్పుతారు, ధార సన్నబడి చుక్కలై ఆగిన క్షణాన ఫ్లైవీల్ మీద కంపెనీ చెప్పిన డిగ్రీల గుర్తు ఎదురుగా ఉండాలి. తేడా ఉంటేనే పంపు తిప్పాలి, అది కూడా గుర్తు వరకే. కామన్ రైల్ బండి అయితే ఈ తిప్పుడే ఉండదు, టైమింగ్ ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, చూసుకుంటుంది.

నట్లు వదులు చేసే ముందు ఫ్లాంజ్ మీద, ఇంజన్ బాడీ మీద కలిసేలా ఒక గీత గీయమనండి, ఇప్పుడెక్కడుందో తెలియకపోతే ఎంత జరిగిందో ఎవరూ చెప్పలేరు.