చింటూకి, గేములు కొనే ముందు

ఒరేయ్ చింటూ,

నీ జీతం డబ్బుతో సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సికింద్రాబాద్ సీటీసీలో షాపు షాపూ తిరిగి, ఒక్కో పార్టుకీ బేరమాడి కొన్నావట. ఎంత గర్వంగా అనిపించిందో! మేం నెట్ సెంటర్లో గంటకింతని కట్టి, టైమైపోయిందని వెనకాల ఇంకొకరొచ్చి నిలబడినా లేవకుండా ఆడినవాళ్లం. ఇంట్లో సొంత మెషీన్ అంటే అప్పట్లో మాకు ఊహకు కూడా అందేది కాదు.

ఆ తర్వాత మాట వినగానే మాత్రం గుండె గుభేలుమంది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ సైట్ డిసెంబరు సేల్‌లో కొనడానికి ముప్పై గేములతో లిస్టు రాసుకున్నావట. మీ అమ్మకేమో గేమంటే అన్నీ ఒకటే. రమ్మీ యాపుల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు చూసి నువ్వూ అందులో దిగావేమోనని హడలిపోతోంది. పందెం కాసే ఆటలు వేరు, ఇవి వేరు అని నేను నచ్చజెప్పాను. నువ్వూ ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని ఆడి చూపించు. నా భయం వేరే.

ముందు డబ్బు. బ్యాంకులో పనిచేసేదాన్ని, ఇది చెప్పకుండా ఉండలేను. సేల్ అయిపోతోందని క్రెడిట్ కార్డు గీకి, ఆ తర్వాత నెలనెలా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతూ వడ్డీలో కూరుకుపోయిన నీ ఈడు పిల్లలు మా కౌంటర్ దగ్గరికి వస్తూనే ఉంటారు. అందులో ఒక్కడూ చెడ్డవాడు కాడు. స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐ తీసుకుంటారు. ఖాతాలో ఉన్నదాంతోనే కొను. నెలకింత అని ముందే అనుకో, అది దాటకు. ఫోన్‌లో అకౌంట్‌కి కాపలా కాసే స్టీమ్ గార్డ్ పెట్టుకో. సగం ధరకే కోడ్ ఇస్తామనే ఊరూపేరూ లేని సైట్ల జోలికి పోకు. 'పొరపాటున నీ అకౌంట్ మీద రిపోర్ట్ కొట్టాను' అని ఎవడైనా మెసేజ్ పెడితే వాడు దొంగ, జవాబే ఇవ్వకు.

ఒకరి గేములు ఒకరు ఆడుకునేలా రూమ్మేట్లతో స్టీమ్ ఫ్యామిలీ కలుపుదామనుకుంటున్నావేమో, వద్దు. అది ఒకే ఇంట్లో ఉండే కుటుంబం కోసం పెట్టింది. నీ గేమ్ ఆడుతూ వాళ్లలో ఎవడైనా చీటింగ్ చేసి బ్యాన్ అయితే ఆ గేమ్‌లో నీకూ బ్యాన్ పడుతుంది. పైగా అందులోంచి బయటికొచ్చినా, చేరిన రోజు నుంచి ఏడాది అయ్యేదాకా ఇంకో ఫ్యామిలీలో చేరడానికి వీల్లేదు. స్నేహం స్నేహమే, అకౌంట్ అకౌంటే.

ఇక సేల్. నీకున్న తొందరంతా ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదని. ఎందుకు దొరకదురా? మార్చిలో ఒకటి, జూన్ ఆఖర్లో ఒకటి, దసరా దీపావళి రోజుల్లో ఒకటి, డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి ముందు దాకా ఇంకొకటి, ఏటా వస్తూనే ఉంటాయి. ఒకప్పుడు కొన్ని గంటలు మాత్రమే ఉండే ఫ్లాష్ డీల్స్ ఉండేవి. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి కొనేవాళ్లు. 2015లో అవి తీసేశారు. ఇప్పుడు సేల్ మొదటి రోజు ఉన్న ధరే చివరి రోజూ ఉంటుంది. కాబట్టి కావలసినవి విష్‌లిస్ట్‌లో పెట్టు, ధర తగ్గినప్పుడు వాళ్లే మెయిల్ పంపుతారు. స్టీమ్‌డీబీ అనే సైట్‌లో చూస్తే ఆ గేము ఎప్పుడు ఎంతకు దిగిందో గ్రాఫ్ గీసి మరీ చూపిస్తుంది. ఈసారి సగానికి వచ్చిందంటే మరో ఏడాదికి ఇంకా దిగొచ్చు. అన్నీ అలా దిగవులే, ఫాక్టోరియో అనే గేము చేసినవాళ్లు సేల్ ఎప్పటికీ పెట్టబోమనే చెప్పారు, 2023లో ధర పెంచారు కూడా. అది నిజంగా కావాలంటే ఆగడం దండగ, కొనేసుకో.

మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. నీకు ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం, ఇది మాత్రం నిదానంగా చదువు.

2017 డిసెంబరులో ఆయనకు ఏరియర్స్ వచ్చాయి. జూనియర్ కాలేజీ లెక్చరర్‌కి ఆ రోజుల్లో తీరికెక్కడిది? పొద్దున కాలేజీ, సాయంత్రం ట్యూషన్లు, ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, మార్చిలో పరీక్షలు. 'స్పాట్ వాల్యుయేషన్ అయ్యాక మే నెలంతా నాదే, అప్పుడు ఆడతా' అని సేల్ ఉన్నన్నాళ్లూ కొన్నారు. ఒక్కోటి కొన్నప్పుడల్లా నన్ను వంటింట్లోంచి పిలిచి, 'చూడు, పదిహేను వందలది మూడొందలకే' అని చూపించేవారు. ఆషాఢం సేల్‌లో చీరలు కొని బీరువాలో పెట్టే మా అక్కచెల్లెళ్లను ఆయనే వెక్కిరించేవారు, అది గుర్తు చేస్తే నవ్వేసి ఇంకోటి కొనేవారు.

మే వచ్చింది. లాప్‌టాప్ తెరిచారు. మొదటిది లోగో దాకా వచ్చి నల్లగా అయిపోయింది. రెండోదానికి గ్రాఫిక్స్ కార్డు చాలదంది. మూడోది నడిచింది గానీ గుర్రం ఒక అడుగు వేసేలోపు మనం కాఫీ తాగి రావచ్చు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు, ఆ సదుపాయం 2015 నుంచీ ఉంది. ఈయనకు తెలుసు కూడా. కానీ ఒక్కటీ తెరవనిదే ఏది నడుస్తుందో ఏది నడవదో తెలిసేదెలా? గడువు దాటి నాలుగు నెలలయింది. చేసేదేమీ లేదు.

పోయిన డబ్బుకు నేనంత బాధపడలేదు. నడిచినవి కూడా ఆడలేకపోయారు, అదీ నా బాధ. రాత్రి భోజనాలయ్యాక కొన్న గేములన్నీ కనబడే లైబ్రరీ తెరిచి పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసేవారు. ఒకటి డౌన్‌లోడ్ పెట్టి పావుగంట ఆడేవారు. అంతలో ఇంకోటి గుర్తొచ్చేది. ఇది తీసి అది పెట్టేవారు. చివరికి ఆ గేమునే ఇంకెవరో ఆడుతుంటే యూట్యూబ్‌లో చూస్తూ కుర్చీలోనే కునికేవారు. పెళ్లికి ముందు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఒక్కదాన్ని పట్టుకుని తిండీ నిద్రా మరిచిపోయిన మనిషి ఆయన. అన్ని కొన్నాక ఆడాలన్న ఇష్టమే చచ్చిపోయింది. 'గేములు పిల్లలవిలే' అని లాప్‌టాప్ మూసేసిన రోజు నాకు ఏడుపొచ్చింది.

రెండేళ్ల తర్వాత డెస్క్‌టాప్ కొన్నప్పుడు నేనే పక్కన కూర్చుని, విచర్ 3 అనే గేము ఒక్కటి ఉంచి మిగతావన్నీ లైబ్రరీలో దాచేయించాను. స్టీమ్‌లో ఆ వీలుంది, పోవు, కంటికి కనబడవంతే. ఒక పాత డైరీ తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఆట ఆపిన ప్రతిసారీ అందులో రెండు ముక్కలు రాయాలని షరతు. 'నావిగ్రాడ్‌లో ఉన్నా. డాండిలియన్ కోసం వెతకాలి. క్వెన్ వేసుకోకుండా పోట్లాటకు దిగకు.' ఆటలోని ఊరి పేరు, మనిషి పేరు, కాపాడే మంత్రం పేరు, ఇలా ఉండేవి. మధ్యలో పేపర్లు దిద్దే పని తగిలి నెల ఆగిపోయినా, ఆ రెండు ముక్కలూ చదువుకుని మళ్లీ అందుకునేవారు. లేకపోతే ఏ కీ ఏం చేస్తుందో మరిచిపోయి, మొదటి దెబ్బకే చచ్చి, విసుగొచ్చి మానేస్తాం. నేను చిక్కుడుకాయలు వలుస్తూ పక్కనే కూర్చునేదాన్ని. ఆ చలికాలమంతా మాకు అదే కబురు.

అందుకని చెబుతున్నా, కొన్నరోజే ఒక గంట ఆడి చూడు. ఆ గంట దొరకనంత పనుందంటే కొనకు. నచ్చకపోయినా, నడవకపోయినా వెంటనే వాపసు ఇచ్చెయ్, మొహమాటం అక్కర్లేదు. పూర్తి ధరకు కొన్న రెండోరోజే సేల్ వస్తే, దాన్ని వాపసు ఇచ్చి తక్కువ ధరకు మళ్లీ కొనుక్కోవడాన్ని కూడా స్టీమ్ వాళ్లు తప్పుపట్టరు. ఎపిక్ అని ఇంకో గేముల షాపు వాళ్లు గురువారం గురువారం ఊరికే ఇచ్చేవి తీసుకో, కాకపోతే ఆడబోయేవే తీసుకో.

ఎప్పటికైనా ఆడొచ్చులే అని దాచుకోవడం కూడా అంత భద్రమేం కాదు. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల గేముకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బిచ్చి కొన్నవాళ్లు కూడా ఇక ఆడలేరు. మనం కొనేది గేమును కాదు, ఆడుకునే లైసెన్సేనని స్టీమ్ ఇప్పుడు కార్టులోనే రాసి చూపిస్తోంది. కలకాలం ఉండాలనుకున్నది జీఓజీ అనే షాపులో కొని, ఇన్‌స్టాలర్ హార్డ్‌డిస్క్‌లో దాచుకో.

ఒకటి సగంలో నచ్చకపోతే వదిలెయ్. ఏ గేముకు ఎన్ని గంటలు పడుతుందో చెప్పే హౌ లాంగ్ టు బీట్ సైట్‌లో చూసుకుని, పెద్దదొకటి ఆడుతుంటే పక్కన నాలుగైదు గంటల్లో అయిపోయేది ఒకటి పెట్టుకో. రెండు చాలు. రాత్రి పన్నెండు దాటకు నాన్నా, నీ కళ్లు చిన్నప్పటినుంచీ మంచివి కావు, అద్దాలు మార్పించుకున్నావో లేదో కూడా మీ అమ్మకు చెప్పవు.

ఆ ముప్పై పేర్ల లిస్టు ఆదివారం లోపు నాకు పంపు, మామయ్యా నేనూ కూర్చుని చూస్తాం. పోయిన దసరాకు వచ్చినప్పుడు విచర్ గేములో వెలెన్ అనే ప్రాంతం దగ్గరే ఆగిపోయిందన్నావు. కొత్తవి కొనేముందు ఆ బ్లడీ బారన్ కథ వరకైనా ఆడు. తాగొచ్చి భార్యను కొట్టి ఇల్లు పాడుచేసుకున్న ఆ మనిషిని క్షమించాలా వద్దా అని ఇప్పటికీ మామయ్యదో మాట, నాదో మాట. ఆ భాగం అయిన రోజు ఫోన్ చెయ్. నువ్వేమంటావో వినాలి.

మీ అత్త