పాఠకుల ప్రశ్నలు: వాల్వు యాంప్లిఫయర్ డిస్టార్షన్ వినసొంపేనా?

ప్రశ్న: 300బి వాల్వుతో (వాక్యూమ్ ట్యూబుతో) చేసిన సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్, అంటే ఒకే అవుట్‌పుట్ వాల్వుతో నడిచేది, కొనాలనుకుంటున్నాను. పూర్తి శక్తి దగ్గర దాని డిస్టార్షన్ (ధ్వని వికృతి) 5 శాతం దాకా ఉంటుందని, మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో 0.1 శాతం కూడా ఉండదని మిత్రుడు వారిస్తున్నాడు. అదంతా రెండో హార్మోనిక్కేనని (అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యంతో పుట్టే అదనపు ధ్వని), చెవికి ఇంపుగానే ఉంటుందని అమ్మే ఆయన అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ మిత్రుడు చెప్పిన అంకెలు సరైనవే గాని, శాతం ఒక్కదాన్ని బట్టి చెవికి ఏం వినిపిస్తుందో తేల్చలేము. ఏ హార్మోనిక్ ఎంత ఉందన్నది కూడా ముఖ్యమే. బీబీసీ ఇంజనీరు డి.ఇ.ఎల్. షార్టర్ 1950లోనే హార్మోనిక్ వరుస సంఖ్య వర్గాన్ని నాలుగుతో భాగించి, దానికి అంత బరువు ఇచ్చి లెక్కించాలని సూచించారు. ఆ లెక్కన ఐదో హార్మోనిక్ రెండోదానికంటే ఆరు రెట్లకు పైగా బాధిస్తుంది.

వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1938లో తెచ్చిన 300బి వంటి ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు) ఒంటరిగా పనిచేసేటప్పుడు, తరంగంలోని పై సగాన్నీ కింది సగాన్నీ సమానంగా పెంచదు కాబట్టి ప్రధానంగా రెండో హార్మోనిక్ పుడుతుంది. పుష్ పుల్ పద్ధతిలోనైతే ఎదురెదురుగా పనిచేసే రెండు వాల్వుల సరిసంఖ్య హార్మోనిక్కులు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చాలావరకు రద్దవుతాయి.

అమ్మే ఆయన వాదన ఒక్క స్వరం మోగుతున్నంతసేపే నిలుస్తుంది. షడ్జమం 240 హెర్ట్జ్ అనుకుంటే దాని రెండో హార్మోనిక్ 480, అంటే తారస్థాయి షడ్జమమే. తంబురా షడ్జమం మీద గాయని 270 హెర్ట్జ్ దగ్గర చతుశ్రుతి రిషభం పట్టుకున్నప్పుడు మాత్రం అదే వాల్వు ఆ రెంటి మొత్తమైన 510ని, తేడా అయిన 30ని కూడా పుట్టిస్తుంది. ఈ 510 తారస్థాయి శుద్ధ రిషభానికి దాదాపు దగ్గర. పాడుతున్నది మోహన రాగమైతే అది అన్యస్వరం. పైగా రెండు స్వరాలూ సమాన బలంతో ఉన్నప్పుడు ఈ కొత్త ధ్వనులు ఒక్కొక్కటీ రెండో హార్మోనిక్‌కు రెట్టింపు ఉంటాయి. షడ్జమ పంచమాలు కలిసి మోగితే వచ్చేవి మంద్ర షడ్జమం, తార అంతర గాంధారం కనుక ఇబ్బంది లేదు. తక్కువ వాద్యాలున్న కచేరీ ఈ యాంప్లిఫయర్‌లో హాయిగా ఉండి, పెద్ద వాద్యబృందం చిక్కుపడినట్లు వినిపించడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

శబ్దం తగ్గించే కొద్దీ ఈ దోషమూ తగ్గుతుంది: శక్తి నాలుగో వంతుకు దిగితే రెండో హార్మోనిక్ శాతం సుమారు సగమవుతుంది. కాబట్టి అసలు ప్రశ్న మీ స్పీకర్ గురించి. 300బి ఇచ్చేది సుమారు 8 వాట్లే. 96 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత) ఉన్న స్పీకర్‌కు ఒక వాట్ చాలిన చోట 86 డెసిబెల్స్ స్పీకర్‌కు 10 వాట్లు కావాలి. మీది రెండో రకమైతే కొనవద్దు. మొదటి రకమైనా, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి దోషాన్ని సరిదిద్దే ఏర్పాటు) లేని ఈ యాంప్లిఫయర్ల అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (స్పీకర్ వైపున్న అంతర్గత నిరోధం) ఎక్కువ కాబట్టి స్పీకర్ స్వభావాన్ని బట్టి బాస్ ఉబ్బవచ్చు. చాలామంది ‘వాల్వు మాధుర్యం’ అనేదానిలో డిస్టార్షన్ కంటే దీని పాలే ఎక్కువేమో. మీ స్పీకర్లనే దుకాణానికి తీసుకెళ్లి, మీకు బాగా తెలిసిన పెద్ద వాద్యబృందం రికార్డు ఒకటి పెట్టించుకుని వినండి.