చిన్నీ, టైర్లు కొనేలోపు ఇది చదువు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనకోడలు గేర్ల కారు కొందిరా, నీకు చెప్పిందా" అంది, కోపమో సంబరమో దానికే తెలియని గొంతుతో. తర్వాత నీ ఫొటో చూశాను. 2022 సివిక్ ఎస్‌ఐ, ఎర్రది. అమెరికా వచ్చాక మన ఇంట్లో క్లచ్ తొక్కే కారు కొన్నది నా తర్వాత నువ్వే, ఆ ఫొటో మీ అత్తకి రెండుసార్లు చూపించాను. కానీ దాని కింద నువ్వు రాసిన లైను ఉంది చూడు, "పాత టైర్లు అరిగిపోయాయి మామయ్యా, సమ్మర్ టైర్లు వేయిస్తున్నా, మంచు పడేదాకా వాటి మీదే నడుపుతా" అని, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు.

మంచు పడేదాకా అన్నావు. నేనూ సరిగ్గా అదే మాట అన్నాను.

నువ్వు అప్పటికి ఎల్‌కేజీ. మేము ఇంకా డాలస్ రాలేదు, ఇప్పుడు నువ్వున్న మిషిగన్‌లోనే ఉండేవాళ్లం. రెండు తలుపుల సెకండ్ హ్యాండ్ కారు ఒకటి కొన్నాను, దానికి అప్పటికే మంచి సమ్మర్ టైర్లు ఉన్నాయి. ఆ వేసవంతా దాన్ని నడపడం ఎంత బాగుండేదో! మలుపులో స్టీరింగ్ ఇలా అంటే కారు అలా తిరిగేది, వానలో కూడా గట్టిగా పట్టుకునేది. నవంబరు వచ్చింది. ఆఫీసులో ఒకాయన టైర్లు మార్చావా అని అడిగితే, ఇంకా మంచు పడలేదు కదా, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో చూద్దాంలే అన్నాను. నాలుగు టైర్ల డబ్బు ఒక నెల వెనక్కి నెట్టొచ్చు అన్న లెక్క కూడా ఉంది, నీ దగ్గర దాచడం ఎందుకు.

కార్తీక సోమవారం. మీ అత్త ఉపవాసం, ఆఫీసుకి ముందు గుడికి వెళ్లొద్దామంది. రోడ్డు ఎండిపోయి ఉంది, ఆకాశం తెల్లగా ఉంది, ఎక్కడా ఒక్క మంచు రేకు లేదు. చలి మాత్రం 24 డిగ్రీల ఫారెన్‌హీట్. ట్రాయ్ దగ్గర ఐ-75 దిగే ర్యాంపు మలుపు తిరుగుతుంది, చివర సిగ్నల్, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న పసుపుపచ్చ స్కూలు బస్సు. రోజూ నొక్కే చోటే బ్రేకు నొక్కాను. పెడల్ కాలి కింద గడగడా వణికింది, కారు ఆగలేదు. స్టీరింగ్ తిప్పాను, ముందు చక్రాలు తిరిగాయి, కారు తిరగలేదు, తిన్నగా పోయింది. బస్సు వెనక అద్దంలో ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పిల్లాడు మమ్మల్నే చూస్తున్నాడు. ఎలాగో కుడి చక్రం గట్టుకి కొట్టుకుని కారు పక్కకి ఒరిగి ఆగింది. బస్సుకీ మాకూ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. రిమ్ పగిలింది, సస్పెన్షన్ వంగింది. మీ అత్త ఒళ్లో ఉన్న కొబ్బరికాయ, దీపాలు కింద పడకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి డాష్‌బోర్డుకి అడ్డం పెట్టింది, ఆ మణికట్టు విరిగింది. చలికాలంలో ఇప్పటికీ చపాతీ పిండి కలపలేదు, మా ఇంట్లో నేనే కలుపుతాను.

ఆ రోజు మీ అమ్మకి బ్లాక్ ఐస్ మీద, అదే రోడ్డు మీద కంటికి కనబడని పలచటి మంచుగడ్డ మీద, జారామని చెప్పాను. ఇన్నేళ్లూ అదే చెబుతున్నాను. అక్కడ ఐస్ లేదు చిన్నీ. టైర్ల షాపులో కుర్రాడు నా టైరు మీద గోరు నొక్కి చూపించాడు, దిగలేదు, ప్లాస్టిక్ బకెట్‌లా ఉంది. నిజం మీ అత్త తర్వాత నీకే చెబుతున్నాను. అమ్మకి నేనే చెప్పుకుంటాను.

కొబ్బరినూనె సీసా గుర్తుందా, మీ అమ్మమ్మ ధనుర్మాసంలో ఎండలో పెట్టేది? వేసవిలో నీళ్లలా ఉండే నూనె చలికి గడ్డకట్టేది. సమ్మర్ టైరు రబ్బరూ అంతే. వేడిలో మెత్తగా రోడ్డుని పట్టుకుంటుంది, సుమారు 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్ దిగితే గట్టిపడిపోతుంది. 20 ఫారెన్‌హీట్ దగ్గరికొస్తే ట్రెడ్, అంటే రోడ్డుకి తగిలే గాళ్ల రబ్బరు, పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది కాబట్టి బండిని కదపనే వద్దని తయారుచేసేవాళ్లే చెబుతారు. నువ్వు ఆఫీసుకి బయలుదేరేది పొద్దున్న ఏడింటికి. అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఆ టైముకి 45 కింద ఉండే రోజులే ఎక్కువ. అందుకే మంచు కోసం చూడకు, ఫోన్‌లో పొద్దున్నటి టెంపరేచర్ చూడు.

సమ్మర్ టైర్లు చెడ్డవని నేను అనను. జూలైలో, ఎండలోనైనా వానలోనైనా, ఏడాదంతా నడిపే ఆల్ సీజన్ టైర్ల కంటే ముందు ఆగేది అవే. రెండు సెట్లు పెట్టుకుని, అక్టోబరు మధ్యలో వింటర్ టైర్లు, ఏప్రిల్ మధ్యలో సమ్మర్ టైర్లు మార్చుకోగలిగితే అంతకంటే మంచి పని లేదు. కానీ నువ్వుండేది మూడో అంతస్తు అపార్టుమెంటు, గ్యారేజీ లేదు. నాలుగు టైర్లు బాల్కనీలో పెడతావా తల్లీ?

ఒక్క సెట్టే అయితే అల్ట్రా హై పర్ఫార్మెన్స్ ఆల్ సీజన్ తీసుకో. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, లేదా కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్. రెండో దాంట్లో నాకు నచ్చేది, ట్రెడ్ మీదే డి (పొడి రోడ్డు), డబ్ల్యూ (తడి), ఎస్ (మంచు) అక్షరాలు ఉంటాయి, ఎస్ అరిగిపోయిందంటే ఇక మంచుకి పనికిరాదని అర్థం. వీటికి 45, 50 వేల మైళ్ల వారంటీ ఉంటుంది, పైలట్ స్పోర్ట్ 4ఎస్ సమ్మర్ టైరుకి 30 వేలే. మలుపులో నీకు కొంత తేడా తెలుస్తుంది, కాదనను. అది వదులుకో.

సైజు 235/40 ఆర్ 18, మార్చకు. సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, డాట్ (DOT) అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగంకెలు చదువు, 3223 అని ఉంటే 2023లో 32వ వారం తయారైందని. నాలుగూ ఒకే రకం వేయించు, రెండు ఇవీ రెండు అవీ అని ఎవరు చెప్పినా వినకు. గాలి నెలకోసారి చూసుకో, ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి టైరులో గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది.

ట్రెడ్‌లో క్వార్టర్ నాణెం తలకిందులుగా పెట్టి చూడు, వాషింగ్టన్ తల పైఅంచు బయటికి కనబడితే ట్రెడ్ లోతు 4/32 అంగుళం కంటే తక్కువ ఉన్నట్టు. చట్టం 2/32 దాకా ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను. మీ తాతయ్యకి ఈ నాణేలూ అంకెలూ ఏమీ తెలియవు, శ్రీశైలం ఘాట్ ఎక్కేముందు అంబాసిడర్ చుట్టూ తిరిగి ఒక్కో టైరు మీద అరచెయ్యి పెట్టి తడిమేవాడు, ఆవుని తడిమినట్టు. నున్నగా తగిలితే ఆ రోజు ప్రయాణం లేదు, మేమెంత ఏడ్చినా సరే. నా కారు కొన్నప్పుడు ఆయన లేడు. ఉంటే ఫోన్‌లో మొదట టైర్ల గురించే అడిగేవాడు.

మంచు బాగా పడ్డ రోజు ఆల్ సీజన్ ఉంది కదా అని బయలుదేరకు, ఇంటి నుంచి పని చేస్తానని మేనేజరుకి చెప్పు. బ్లాక్ ఐస్ మీద ఏ టైరూ నిన్ను కాపాడదు. ముందు బండికి దూరంగా ఉండు, స్కూలు బస్సు కనబడితే ఇంకా దూరంగా.

శనివారం షాపుకి వెళ్తానన్నావుగా. బిల్లు కట్టేముందు టైరు సైడ్‌వాల్ ఫొటో తీసి పంపు, ఇక్కడ డాలస్‌లో నేను ఫోన్ పట్టుకునే కూర్చుంటాను. డబ్బు తక్కువైతే మీ అమ్మని అడగొద్దు, నన్ను అడుగు. డిసెంబరులో మేమిద్దరం వస్తాం, ఎయిర్‌పోర్టు నుంచి నువ్వే తీసుకెళ్లాలి. మీ అత్త ముందు సీట్లో కూర్చుంటానంటోంది.

మామయ్య