దాచిన డబ్బుతో టూర్ వెళ్లొచ్చాక మనసు ఎందుకు పీకుతుంది?

నెలకు 2,500 చొప్పున మూడేళ్లు కూడబెట్టిన 90,000 ఊటీ, మైసూరు టూర్‌కి అయిపోయాయి, మా ఊరు కావలికి తిరిగొచ్చినప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు, తప్పు చేశామా అని మీరు అడిగారు.

అప్పు చేయలేదు కాబట్టి తప్పేమీ కాదు. బాధకి కారణం మాత్రం ఉంది. వచ్చినదానికన్నా పోయింది మనసుకి ఎక్కువ బరువని మనస్తత్వవేత్తలు కానమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. పైగా పాస్‌బుక్కులో తగ్గిన నిల్వ కంటికి కనబడుతుంది. పిల్లలు టాయ్ ట్రైన్ కిటికీకి ముక్కు ఆనించి చూసింది ఏ పుస్తకంలోనూ ఎక్కదు.

ఆ డబ్బు దేనికని దాచారో గుర్తుచేసుకోండి. టూర్‌కే అయితే చేరాల్సిన చోటికే చేరింది. ఆస్పత్రి అవసరాలకో, ఫీజులకో అయితే ఆ బెంగ నిజమైందే, దాన్ని డబ్బుతోనే తీర్చాలి. జీతం పడిన మర్నాడే 2,000 బ్యాంకు ఆర్డీకి (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కి) పోయేలా పెట్టండి. ఏడాదికి 24,000, వడ్డీ అదనం. టూర్లకి 500తో ఇంకో ఆర్డీ. రెండూ ఒకే ఖాతాలో కలిపారా, మళ్లీ ఇదే బాధ. చీటీ ముందే పాడుకుని మాత్రం టూర్లకి వెళ్లొద్దు. ఊరు చూసొచ్చాక కూడా కంతు నెలనెలా గుచ్చుతూనే ఉంటుంది.

ఖర్చంతా ఒకసారి కాగితం మీద రాయండి: గది, కారు, తిండి, కొన్న వస్తువులు. తరచూ బాధపెట్టేది మొత్తం కాదు, అందులో ఒకటో రెండో పద్దులు. వచ్చేసారి వాటినే తగ్గించుకోవచ్చు. పిల్లల ముందు మాత్రం "అనవసరంగా పోయాం" అనకండి, వాళ్ల సంతోషం కూడా చెడుతుంది. టూర్లకని వేసే ఆ 500 ఏడాదికి 6,000 అవుతుంది. దాంతో జనవరిలో నేలపట్టు పక్షుల్ని, మైపాడు సముద్రాన్ని చూసి రావచ్చు.