గాయం చెప్పే మాట, తెచ్చినవారు చెప్పే మాట

పిల్లల ఆస్పత్రుల్లో పనిచేసేవారు హింసకు గురైన పిల్లలను ఎలా గుర్తిస్తారు, దాన్ని ఆపడానికి ఏం చేయగలరు అని అడిగారు. నేను ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో చాలాకాలం స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. లక్షణాల పట్టిక ఇక్కడ ఎవరైనా రాస్తారు కాబట్టి, నేను ఒక పిల్లవాడి సంగతి చెబుతాను.

2011 వేసవిలో మూడేళ్ల బాబును రెండు పాదాలూ కాలి ఉండగా తీసుకొచ్చారు. కాలి అప్పటికి మూడు రోజులైంది. గాయాల మీద టూత్‌పేస్టు పూసి ఉంది. స్నానానికి కాచిన నీళ్ల కాగు బోర్లాపడిందని తల్లి చెప్పింది. వాడే వెళ్లి అందులో కాలు పెట్టాడని నాయనమ్మ చెప్పింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఈ రెండు మాటల్లో ఏదీ రాయకుండా, ‘వేడినీళ్లు పడి కాలిన గాయాలు’ అని కేస్ షీట్‌లో ఒక్క ముక్క రాసి తరువాతి మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయనను పూర్తిగా తప్పుపట్టలేను. ఆ రోజు మంచానికి ఇద్దరేసి పిల్లలున్నారు.

టూత్‌పేస్టు కడిగాక నాకు కనిపించింది వేరు. రెండు కాళ్లకూ చీలమండల పైన, ఒకే ఎత్తులో, గీత గీసినట్టుగా కాలిన చర్మం ఆగిపోయింది. మేజోళ్లు తొడిగినట్టు ఉంది. కాగు బోర్లాపడితే నీళ్లు తొడల మీదో పిక్కల మీదో పడి కారుతూ కిందికి వస్తాయి, చుట్టూ చిందిన చోటల్లా చుక్కలు చుక్కలుగా కాలుతుంది. పిల్లవాడు తనంతట తానే కాలు పెడితే మొదటి కాలు చురుక్కుమనగానే ఎగిరిపడతాడే తప్ప రెండో కాలు కూడా పెట్టి నిలబడడు. అలా నిలబడ్డాడంటే ఎవరో పట్టుకుని నిలబెట్టారని అర్థం.

మరునాడు డ్రెస్సింగ్ మార్చాను. అతుక్కున్న గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి తీస్తుంటే ఆ వయసు పిల్లలు వార్డు దద్దరిల్లేలా ఏడుస్తారు. ఈ పిల్లవాడు ఏడవలేదు. నా ముఖం వైపే చూస్తూ పడుకున్నాడు. మధ్యలో పక్క తడిసింది. అప్పుడు మాత్రం వాడు వణికిపోయి, నేనేమీ అడగకముందే, “నేను పోయలేదు, నీళ్లు పడ్డాయి” అన్నాడు.

నాయనమ్మను వార్డంతా మెచ్చుకునేది. తల్లి మిరప కోతలకు వెళితే వాడిని పెంచినది ఆమే. పెరుగన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టేది, రాత్రంతా విసనకర్రతో విసిరేది. ఆమె ప్రేమ నటన కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఇలాంటి పని చేసేవారు మొహంలోనే తెలిసిపోతారనుకునే వారికోసమే ఈ మాట రాస్తున్నాను. 1962లో అమెరికా వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు దెబ్బలు తిన్న పసిపిల్లల గురించి ప్రచురించిన వ్యాసంలో, తల్లిదండ్రులే ఇలా చేసి ఉంటారని నమ్మడానికి వైద్యులకు మనసొప్పదని అప్పుడే రాశారు. నా అనుభవంలో ఆ ఒప్పకపోవడం ఇంకా అలాగే ఉంది.

ఆ రోజు నేను చేసింది పెద్ద పొరపాటు. నేరుగా మంచం దగ్గరికి వెళ్లి, పదిమంది ముందు, “ఏం పెద్దమ్మా, పక్క తడిపాడనే కదా వేడినీళ్లలో నిలబెట్టావు?” అని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెల్లవారి డ్యూటీకి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని, మా భాషలో ‘లామా’ అని, వేలిముద్ర వేసి రాత్రికి రాత్రే తీసుకెళ్లిపోయారు. రిజిస్టరులో ఊరి పేరు తప్ప మరేమీ లేదు. ఆ పేరుతో మా జిల్లాలోనే మూడు ఊళ్లున్నాయి. కేస్ షీట్ తీసి చూస్తే, పోలీసులకు ఇద్దామన్నా అందులో ఏముంది? ‘వేడినీళ్లు పడి’.

అందుకే నా అభిప్రాయం ఇది: తెచ్చినవారు మొదటిసారి చెప్పిన కథను, ఎవరు ఏమన్నారో వారి మాటల్లోనే, ఎన్ని రోజుల తర్వాత తెచ్చారో సహా, అప్పటికప్పుడు రాయాలి. ఒకరి మాట మరొకరి మాటతో కలవదు, రెండూ గాయంతో కలవవు, అయినా అది కాగితం మీద లేకపోతే లేనట్టే. ప్రశ్నలు వేసి నిలదీయడం నర్సు పని కాదు. తల్లిని పక్కకు పిలిచి మాట్లాడటం, పెద్ద డాక్టరుకు చెప్పి ఎమ్మెల్సీ చేయించడం మన పని. (ఎమ్మెల్సీ అంటే శాసనమండలి సభ్యుడు కాదు, మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేసే కేసు, కోర్టు సమన్లకు జడిసి కొందరు డాక్టర్లు రెండింటికీ సమానంగా భయపడతారు.)

అలాగని ప్రతి మచ్చనూ అనుమానించనక్కరలేదు. మన పసిపిల్లల నడుము మీద, పిరుదుల మీద పుట్టుకతో వచ్చే నీలి మచ్చలను కమిలిన దెబ్బలనుకుని గగ్గోలు పెట్టిన కొత్త నర్సులను చూశాను. నడవడం నేర్చిన పిల్లలకు మోకాళ్ల మీద, నుదుటి మీద దెబ్బలుంటాయి. ఇంకా బోర్లా పడటమైనా రాని పసికందుకు చెవి మీదో, మెడ మీదో, పొట్ట మీదో కమిలితే మాత్రం ఆగి ఆలోచించాలి. కామెర్లకనీ ఫిట్సుకనీ వాతలు పెట్టించి తెచ్చేవారు మరో రకం. వారిని తిడితే తరువాతి బిడ్డను ఆస్పత్రికే తీసుకురారు.

లైంగిక హింస విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు, సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదు. ఆడపిల్లను మహిళా డాక్టరే, బిడ్డ నమ్మిన పెద్దవారి సమక్షంలో పరీక్షించాలి. కొట్టడం, కాల్చడం వంటివాటికి 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ఉంది. ఇంటిపనికి పెట్టుకున్న పన్నెండేళ్ల పిల్లను జ్వరంతో తెచ్చి ‘మా బంధువులమ్మాయి’ అనే యజమానురాళ్లను కూడా ఇక్కడే చేర్చాలి. బాల కార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను అలా పనిలో పెట్టుకోవడం నేరం. అన్ని ప్రశ్నలకూ యజమానురాలే జవాబు చెబుతుంటే నేను ఆమెను మందుల చీటీ ఇచ్చి కిందికి పంపేదాన్ని. పోలీసులంటే జంకేవారు కనీసం పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయవచ్చు.

ఆ సంఘటన తర్వాత మా వార్డులో చేరిన ప్రతి పిల్లవాడి కేస్ షీట్ మీద ఊరి పేరు పక్కన మండలం, ఇంటి గుర్తు కూడా రాయించాను: రామాలయం వెనక, చెరువుగట్టు మీద రెండో ఇల్లు, బోరింగు ఎదురుగా. నేను పోస్టుమాన్ ఉద్యోగానికి తయారవుతున్నానని తోటివారు నవ్వేవారు.