నార్విక్‌లో డిస్ట్రాయర్లు ఎందుకు చిక్కుకుపోయాయి?

ప్రశ్న: 1940లో జర్మనీ నార్వేపై దాడి చేసినప్పుడు ఉత్తర నార్వే రేవుపట్టణం నార్విక్ వెళ్లిన 10 జర్మన్ డిస్ట్రాయర్లలో (వేగంగా కదిలే యుద్ధనౌకలు) ఒక్కటీ తిరిగి రాలేదట. కారణమేమిటి? – ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఫిరంగులకంటే ముందు వాటిని దెబ్బతీసింది చమురు. ఏప్రిల్ 9న, తుఫాను సముద్రంలో వేగంగా వచ్చి జర్మన్ జనరల్ డీట్ల్ నాయకత్వంలోని సుమారు 2,000 మంది పర్వత సైనికులను దించేసరికి నౌకల చమురు ట్యాంకులు దాదాపు అడుగంటాయి. రెండు చమురు ఓడలు రావాలి. వచ్చింది ‘యాన్ వెల్లెమ్’ ఒక్కటే. రెండోదాన్ని నార్వే గస్తీ నౌక దారిలోనే అడ్డుకుంది. యాన్ వెల్లెమ్ అసలు తిమింగలాల వేట ఓడ, పంపులు బలహీనం. దాని పక్కన ఒకేసారి రెండు నౌకలే ఆనగలవు. ఒక జతకు నింపడానికి ఏడెనిమిది గంటలు. పదీ నిండాలంటే ఒక రాత్రి ఏం సరిపోతుంది?

10వ తేదీ తెల్లవారుజామున, మంచు కురుస్తుండగా 5 బ్రిటిష్ డిస్ట్రాయర్లు ఫియోర్డ్‌లోకి (కొండల మధ్య ఇరుకైన సముద్రపు పాయ) చొరబడి రెండింటిని ముంచాయి. బ్రిటన్‌కూ రెండు పోయాయి. 13న బ్రిటిష్ యుద్ధనౌక ‘వార్‌స్పైట్’ వచ్చింది. మిగిలిన 8 మునిగిపోయాయి, లేదా గుండ్లు అయిపోయి సిబ్బందే ధ్వంసం చేసుకున్నారు.

చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. ఒడ్డెక్కిన 2,000 మందికి పైగా జర్మన్ నావికులు, పట్టుబడిన నార్వే తుపాకులతో డీట్ల్ దళంలో కలిశారు. బ్రిటిష్ సేన వెంటనే దిగలేదు, అదే పెద్ద పొరపాటు. పట్టణం మిత్రసేనల (బ్రిటన్, ఫ్రాన్స్ తదితరులు) చేతికొచ్చింది మే 28న. ఫ్రాన్స్ కూలుతుండటంతో జూన్ 8కల్లా మిత్రసేనలు వెళ్లిపోయాయి.